గొళ్లెం పెట్టిన గదిలో గోల్ఫ్

మొన్న టీవీలో ఒక గోల్ఫ్ ఆటగాడు గొంతుకూర్చుని, బంతికీ గుంటకూ మధ్యనున్న గడ్డిని అనుమానంగా చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. తెలంగాణ కోసం బొగ్గు గనులు బంద్ పెట్టిన రోజుల్లో మా బావను నేను అట్లాగే చూశాను. చూసి ఊరుకున్నా బాగుండేది. నలుగురిలో ఆయన మీద లేనిపోని మాట అన్నాను.

భూపాలపల్లి క్వార్టర్లలో అక్కావాళ్లకూ మాకూ ఒకటే గోడ. బావ ఆఫీసర్ల గెస్ట్‌హౌస్‌లో అటెండరు. సమ్మెలో జీతాల్లేక అందరి మొహాలూ వాడిపోతుంటే, గోడ అవతల మాత్రం మధ్యాహ్నం కాగానే తలుపుకు గొళ్లెం పడేది. టక్కుమని ఒక చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, ఆపైన నవ్వులు. జీతం రాని ఇంట్లో నవ్వేమిటి? గోడకు చెవి ఆనించి వినేవాణ్ణి. చెంపకు అంటిన సున్నం చూసి మా ఆవిడ నవ్వేది. ఒకనాడు బావ తువ్వాలలో చుట్టిన పొడవాటి వస్తువేదో చంకన పెట్టుకుని గెస్ట్‌హౌస్ వైపు నుంచి వచ్చాడు. సమ్మె తప్పి చాటుగా డ్యూటీ చేస్తున్నాడని, ఆ నవ్వులు ఆ డబ్బువేనని తేల్చేసుకున్నాను. అడిగితే తెలిసేది. అడగలేదు. అనుమానంలో ఒక రుచి ఉంటుంది, అడిగితే అది పోతుంది.

నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని నిరసన తెలిపే వంటావార్పు రోజున, పప్పు ఉడుకుతుండగా నా నోరు ఆగలేదు. "మా బావ చాటుంగ డ్యూటీకి పోతుండు," అన్నాను. అందరం బంతిలో కూర్చున్నాక, వడ్డించే యూనియన్ అన్న ఒకాయన, బావ విస్తరి దాటేసి నాకు అన్నం పెట్టాడు.

"ఏందన్నా, నాకు బెట్టవా?" అన్నాడు బావ నవ్వుతూ.

"ఆఫీసర్లు పెడ్తరు గదా, ఆడ్నే తినుపో."

బావ ఖాళీ విస్తరి మడిచి లేచిపోయాడు. నాకు ముద్ద దిగలేదని రాస్తే అబద్ధం. కడుపునిండా తిన్నాను.

సాయంత్రం అక్క మా గుమ్మంలోకి వచ్చింది. "రారా, మీ బావ డ్యూటీ చూద్దువు." వాళ్ల గదిలో పరిచిన జంపఖానా, దాని చివర పడుకోబెట్టిన స్టీలు గ్లాసు. పక్కన, బదిలీ అయిన ఆఫీసరు పోతూపోతూ ఇచ్చిన గోల్ఫ్ కర్ర, రెండు బంతులు. పొద్దుపోక బావ బంతిని గ్లాసులోకి దొర్లించడం నేర్చుకుంటున్నాడట. ఊరికే కొడితే విసుగొస్తుందని అక్క పందెం కట్టింది. బంతి గ్లాసులో పడితే గ్లాసు జానెడు వెనక్కి జరుగుతుంది. గురి తప్పితే ఒక పాట పాడాలి. చివరికి ఓడినవాళ్లు అంట్లు తోమాలి.

"దినాం మీ బావనే ఓడుతుండు. మొగోడు బోళ్లు తోముతుండని నవ్వుతరని గొళ్లెం పెట్టుకుంటున్నం. గిదేరా మేం జేసిన దొంగతనం!"

బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు సమ్మె శిబిరంలో లేచి నిలబడి, నేనన్నది అబద్ధమని చెప్పాను.

"మరి తలుపేసుకొని ఏం జేస్తుండే?" అన్నారెవరో.

"గదొక్కటి మాత్రం జెప్ప. తప్పు నాది, నన్ను తిట్టుండ్రి."

తిట్టారు. మళ్లీ వంటావార్పు పెట్టినప్పుడు గరిటె నేనే అడిగి తీసుకుని, మొదటి అన్నం బావ విస్తట్లో పెట్టాను.

"జర పప్పు గూడ పొయ్యి, బామ్మర్దీ," అన్నాడు, తలెత్తకుండానే.

పోశాను. ఆయన తిన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎన్నిసార్లో తిన్నాడు. అయినా ఆ పూట పెట్టని అన్నం ఆ పూటదే, వెనక్కి వెళ్లి వడ్డించి రావడానికి కాలంలో దారి లేదు.