కాకులకు అందని కబురు

భువనేశ్ కంపెనీ మూసేశాడు. ఖాతాదారులందరికీ ఫోన్లో తెలియజేశాడు. బోర్డు దించాడు. కాకులకు మాత్రం చెప్పలేదు.

అమావాస్యనాడు మొదటి ముద్ద కాకికి పెడతారు. అది తిన్నాకే ఇంట్లోవాళ్లు తింటారు. అపార్ట్‌మెంట్ల బాల్కనీలకు వలలు కట్టాక కాకి రావడం మానేసింది. భువనేశ్‌కు అక్కడ వ్యాపారం కనిపించింది. మూలకుళంలో తన మిద్దె మీద, ఒక్కొక్క ఇంటి పేరు చెప్పి ముద్ద పెట్టేవాడు. కాకి తినగానే వీడియో పంపేవాడు.

జనం పెరిగారు. కాకుల కడుపులు పెరగలేదు. తమిళుల ఆడి నెలలో వచ్చే పెద్ద అమావాస్య మధ్యాహ్నం అవి నిండుగా తిని పిట్టగోడ మీద కునుకు తీశాయి. ఊరు ఆకలితో ఫోన్ చేసింది.

"మా కాకి తినిందా లేదా? ఈడ మా మామకు షుగరు!"

భువనేశ్ కాకులకు చేతులు జోడించాడు. ఒకటి కన్ను తెరిచి, మళ్లీ మూసింది.

కంపెనీ పోయింది. కాకులు పోలేదు. పాల ప్యాకెట్‌కు వెళ్లినా, క్షవరానికి వెళ్లినా వెంట వచ్చేవి.

"మనుషులకు చెప్పినావు, సరే. వాటికెవురు చెప్తారు రా?" అంది వాళ్ల అవ్వ వేదవల్లి. "రేపటి ఇంటర్వ్యూలో ఈ ఉద్యోగమూ రాకపోతే విల్లుపురంలో మీ మామ ఎరువుల కొట్లో కూసోవాల్సిందే."

భువనేశ్‌కు ఎరువు వాసన పడదు. ఒర్లియంపేటలో ఇంటర్వ్యూకు టై కట్టుకుని వెళ్లాడు. ఆ రోజూ అమావాస్యే.

ఆ తమిళ ఊళ్లో ఆఫీసు యజమాని సుబ్బరాయలుదీ తెలుగిల్లే. బల్ల మీద అన్నం క్యారియర్ మూసి ఉంది.

"కంపెనీ మూసి నేర్చుకునిందేంది?"

భువనేశ్ కంఠస్థం చేసిన ఇంగ్లీషు ఎత్తుకున్నాడు. కిటికీ కమ్మీ మీద కాకి వాలింది. అతను కుర్చీ జరిపాడు. కాకీ జరిగింది.

ఫోన్ మోగింది. సుబ్బరాయలు భార్య తిలకవతి గొంతు గదంతా వినిపించింది.

"ఈడ కాకి ఇంగా రాలేదు. మీరు క్యారియర్ తెరవబాకండి!"

సుబ్బరాయలు క్యారియర్ వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు.

"అది నీదా?"

"కంపెనీ మూసేసినాను సార్."

"దానికి తెలిసినట్టు లేదే."

సుబ్బరాయలు మూతలో ముద్ద పెట్టి కిటికీలో ఉంచాడు. కాకి ముద్దను చూడలేదు. భువనేశ్‌ను చూసింది. అతను పిలిస్తేనే తినడం దానికి అలవాటు. ఆ పిలుపు మిద్దె మీద పిలవదగినదే గానీ, ఇక్కడ అద్దం తలుపు అవతల ఆఫీసంతా ఉంది.

భువనేశ్ టై భుజం మీదికి వేసుకున్నాడు. మోచేతులు రెక్కల్లా ఆడించాడు. మెడ సాచాడు.

"క్కా... క్కా... వాంగో, రా తల్లీ!"

అద్దం అవతల టైపింగ్ ఆగిపోయింది. కాకి తినింది. వీడియో తిలకవతికి వెళ్లింది. సుబ్బరాయలు సాంబారన్నం ముగించాడు.

"నేర్చుకునిందేందో చెప్పలేదు," అన్నాడు చెయ్యి కడుక్కుని.

"మూసేముందు కాకులకు చెప్పాల సార్."

"ఎట్టా చెప్తావు?"

"తెలీదు సార్."

"సోమవారం నుంచి రా. అమావాస్యకు సెలవు అడగబాక."

ఇంటికొచ్చి చెప్పాడు. అవ్వ గడపలోంచి పిట్టగోడ మీది కాకి వైపు చూసింది.

"జీతం నీకా, దానికా?"