చిత్తులో ఉంచమ్మా

"మా పాప గురించి నేనడిగిందీ రచ్చకెక్కుతుందా అక్కా?" అంటూ కొత్త ప్రోగ్రామర్ పక్క సీటు వైపు తిరిగింది. పిల్లల డాక్టరు వెబ్‌సైట్‌లో తల్లులు ఫారం నింపి అడిగే ప్రశ్నలను పోస్టులుగా మార్చే ప్లగిన్ రాసింది పక్క సీటు సీనియరే. తన పాప గురించి ప్రోగ్రామరూ ఆ ఫారంలోనే అడిగింది. ఆఫీసులో సీనియర్ పేరు ప్లగినక్క. ఫారాల్లో బూతులు కనిపించినప్పుడల్లా ముక్కు చిట్లించి, తడిగుడ్డతో కీబోర్డు తుడుస్తుంది. ఆ ఉదయం ఒక తల్లి, ఏడేళ్ళ కొడుకు ఇంకా పక్క తడుపుతున్నాడని వాడి పేరుతో సహా రాసుకుంది. కోడ్ దాన్ని ఉన్నదున్నట్టు సైట్‌కెక్కించింది. కింద నలభై వెకిలి వ్యాఖ్యలు పడ్డాయి.

"ఛీ, పిల్లల్ని కన్నవాళ్ళేనా వీళ్ళు! అయినా తలుపులు బార్లా తీసింది నేనేగా." ప్లగినక్క పోస్టు తీసేసింది. ఈసారి కీబోర్డును వదిలేసి తన చేతులు తుడుచుకుంది. కోడ్‌లో ‘పబ్లిష్’ చెరిపి ‘డ్రాఫ్ట్’, అంటే చిత్తు, అని రాసింది.

ఇప్పుడు నలుగురిలో పాప సంగతి నోటిదాకా వచ్చినప్పుడల్లా ప్రోగ్రామర్‌కు ప్లగినక్క ఆనాడన్న మాటే అడ్డొస్తుంది: "పిల్లల గుట్టు ముందు చిత్తులో ఉంచమ్మా."