ఇచ్చేందుకు పాజిటివ్, పుచ్చుకునేందుకు నెగెటివ్

నరసాపురం చేపల మార్కెట్లో నూకరత్నానికి ఇరవై ఆరేళ్లుగా ఒకటే చోటు, ఒకటే కాటా. ఆమె తూచిన చేపను ఎవరూ రెండోసారి తూయించుకోరు. కాన్పులో చచ్చిపోబోయిన చెల్లెల్ని ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తం నిలబెట్టింది. అప్పటి నుంచి ఆమె కూడా రక్తం ఇస్తూ వచ్చింది. పదకొండు సార్లు ఇచ్చింది. రక్తనిధి వాళ్లిచ్చిన కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది.

నలభై ఆరో ఏట గర్భసంచిలో గడ్డలు పెరిగి, రక్తం పోవడం ఆగక, ఆపరేషన్‌కని రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి ల్యాబ్ ఆమెది ఓ నెగెటివ్ అంది.

కౌంటర్లో కూర్చునే శివరామకృష్ణ కార్డునూ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి, వరుసలో అందరికీ వినపడేలా అడిగాడు.

“ఏమ్మా, ఎవరి కార్డు పట్టుకొచ్చావు?”

“నాదేనండి.”

“రక్తం మారుతుందా ఎక్కడైనా? ఒక చేప చూపించి ఇంకో చేప అమ్మినట్టు కాదిక్కడ.”

ఎవరో నవ్వారు. ఆయన ఫైలు మీద ఎర్రసిరాతో ‘వేరొకరి కార్డు’ అని రాశాడు. సంగతి తేలేదాకా ఆపరేషన్ లేదన్నాడు.

ల్యాబులో పనిచేసే అశ్విని ఆమెను లోపలికి పిలిచి మళ్లీ రక్తం తీసింది. కొందరి రక్తకణాల మీద పాజిటివ్ గుర్తు మహా పలచగా ఉంటుందని చెప్పింది. రక్తం ఇచ్చేవాళ్లలో దాన్ని వెతికి పట్టుకుని పాజిటివ్ అంటారు. రోగిలో అంత వెతకరు, నెగెటివ్ అనే రాస్తారు. పడని రక్తం ఎవరికీ ఎక్కకూడదని.

నూకరత్నానికి ఒళ్లు మండింది.

“కొనేటప్పుడో రాయి, అమ్మేటప్పుడో రాయి. మా బజార్లో అలా తూస్తే తక్కెడ లాక్కుని గోదాట్లో పారేస్తారమ్మా. మీరు తూస్తే శాస్త్రం, దొంగని మాత్రం నేనా?”

అశ్విని రెండూ జాగ్రత్తకేనని, ఆ మాట కార్డు మీద రాయకపోవడం మాత్రం తప్పేనని ఒప్పుకుంది. ఆ పలచన ఏ రకమో జన్యు పరీక్షే చెప్పాలని రక్తాన్ని ముంబయి పంపింది.

పద్దెనిమిది రోజులు. నూకరత్నం ఐరన్ మాత్రలు మింగుతూ, గుడ్డలు మారుస్తూ చెల్లెలింట్లో పడుకుంది. కడుపునొప్పి కంటే ఆ ఎర్రసిరా ఎక్కువ సలిపింది. పదకొండు సంచుల రక్తం పట్టుకున్ననాడు నువ్వెవరని ఎవరూ అడగలేదు.

ఫలితం వచ్చింది. కార్డూ నిజమే, రిపోర్టూ నిజమే. ఆమె రకానికి పాజిటివ్ రక్తం ఎక్కించినా హాని లేదు. డాక్టరు మర్నాడే ఆపరేషన్ అన్నారు.

శివరామకృష్ణ ఫైలు ముందుకు జరిపాడు.

“అంతా సరిపోయిందిగా, సంతకం పెట్టమ్మా.”

“మీరు రాసింది కొట్టెయ్యండి.”

“దానిదేముంది, ఎవరు చూస్తారు?”

“నేను చూశానండి.”

వరుస ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో త్వరగా కానివ్వమన్నారు. ఆమె కౌంటరు పట్టుకుని నిలబడింది. ఆయన పెన్ను తీసి ఆ అక్షరాల మీద గీత గీశాడు.

నూకరత్నం వంగి చూసింది.

“కింద మీ సంతకం కూడా పెట్టండి,” అంది.