నూట ఇరవయ్యో అంతస్తు

పద్నాలుగు అంతస్తుల ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్లు లిఫ్టు నడిపినవాడు ఎంత దూరం వెళ్లినట్టు? బయలుదేరిన చోటికే. రిటైరైన రోజు దండ వేసి, ఇక ప్రశాంతంగా ఉండమన్నారు. ఐదడుగుల పెట్టెలో ప్రశాంతతకు కొదవేముంది! లిఫ్టాయన దండ తీసి పక్కన పెట్టి, మంచాలూ వంటగట్టూ ఉన్న పాత డీజిల్ ఇంటిబస్సు కొన్నాడు.

భార్య నెత్తి కొట్టుకోలేదు. సూట్‌కేసు సర్దింది.

"మీరు లైసెన్సు పరీక్ష ప్యాసైతే బస్సులో వస్తా. తప్పితే ఇదే సూట్‌కేసుతో రైలెక్కి అక్క దగ్గరికి పోతా. నేను పోవడం మాత్రం ఖాయం."

పరీక్షలో నడపడం బాగానే అయింది. మిగిలింది గాలి బ్రేకులు. భార్య వెనక బెంచీ మీద సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టించి, ఇన్‌స్పెక్టరమ్మ పక్కసీట్లోకి ఎక్కింది.

"ఇంజన్ ఆపండి. పార్కింగ్ బ్రేకు నాబ్ లోపలికి నొక్కి, ఆ బ్రేకు వదలండి. బ్రేకు మీద కాలు కదలకుండా అదిమి ఉంచండి. నిమిషంలో గాలి ఎంత తగ్గుతుందో చూద్దాం."

గాలి మీటరు ముల్లు నూట ఇరవై పౌండ్ల మీద ఉంది. కాలే కుదురుగా ఉండలేదు. కంగారు పుడితే అది టకటకా తాళం వేస్తుంది, పెళ్లిచూపుల్లోనూ వేసింది. తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి కాస్త కాస్త బుస్సుమని పోయింది. వంద. ఎనభై. అరవై దగ్గర బజర్ గీపెట్టింది.

"ఏమండీ, బండి ఏడుస్తోంది!"

"నువ్వు ఊరుకోవే, నాకూ వచ్చేట్టుంది!"

ముప్ఫై దగ్గర నాబ్ టక్కున తనంతట తానే బయటికి దూకింది. లిఫ్టాయన గుండె కూడా.

"గాలంతా పోగొట్టారుగా పెద్దాయనా," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇప్పుడా చెక్కలు తీసేస్తే బండి దొర్లుతుందా?"

లిఫ్టాయన మొహం వెలిగిపోయింది.

"ఎందుకు దొర్లుతుంది మేడమ్? కరెంటు పోతే లిఫ్టు పడిపోతుందా? కరెంటు ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది. పోగానే స్ప్రింగు పట్టేస్తుంది. ముప్ఫయ్యేళ్లు జనానికిదే చెప్పా, ఒక్కడూ నమ్మలేదు! ఇక్కడ కరెంటు బదులు గాలి. అది స్ప్రింగుని వెనక్కి నెట్టి ఉంచుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది. స్ప్రింగు పట్టేలోపు పక్కకి ఆపుకో బాబూ అని బజర్ ముందే అరిచింది కూడా!"

"తర్వాత నేను చేయించాల్సిన పరీక్ష ఇదే. మీ కాలు తొందరపడింది. గాలి నింపండి, మొదటిది మళ్లీ చేద్దాం."

ఇంజన్ మొదలైంది. ముల్లు ఎక్కుతుంటే, అంతస్తులు చెప్పే పాత అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది. "అరవై... డెబ్బై..." బజర్ నోరు మూసింది. "ఎనభై!" అంది వెనకనుంచి భార్య. వంద దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ కూడా గొంతు కలిపింది. నూట ఇరవై అనగానే, ట్యాంకు నిండిన బండి తుస్సుమని తుమ్మింది.

ఇంజన్ ఆపి, నాబ్ నొక్కి, కాలు పెట్టాడు. కాలు తాళం ఎత్తుకోబోయింది. భార్య చరచరా వచ్చి సూట్‌కేసు అతని మోకాలి మీద ధబ్బున పెట్టింది.

"ఇప్పుడు వాయించండి, చూస్తా."

నిమిషం గడిచింది. ముల్లు దిగింది ఒక్క పౌండే. ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెట్టింది.

"ఆఖరి అంతస్తు," అన్నాడు లిఫ్టాయన ఒళ్లు తెలియని ఆనందంలో. "దిగేవాళ్లు దిగండి."

ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. భార్య సూట్‌కేసు తీసుకెళ్లి మంచం మీది అరలోకి తోసి, చెప్పులు విడిచింది.