గువ్వలున్న గది

ఈ పొద్దున ఒక గువ్వ నోట పుల్లతో కిటికీ ఊచ మీద వాలి గదిలోకి తొంగిచూసింది. నేను లేచి ఫ్యాను ఆపేశాను. ఎండ ముదరడం మొదలయ్యాక మా ఇంటికి వచ్చేవాళ్ళలో మొదటివి ఇవే. ఆత్మకూరు దాటాక పొలాల మధ్య రెండు గదులూ ఒక వరండా ఉన్న ఇల్లు మాది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా, శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు. మిగతా రోజులు నాకు తోడు ఒక కుక్క, కొన్ని కోళ్ళు, కోళ్ళకు చల్లిన నూకలు తమకేనన్నట్టు పొద్దున్నే దడి దాటి వచ్చే నెమళ్ళు. వేపచెట్టు మీది ఉడతలు నేను ఎండబెట్టిన వడియాలు సగం తినిపోతాయి. ఆ మాట చెబితే మా ఆయన “సగం మిగిల్చినయ్ గద” అంటాడు. నా నష్టాలను ఆయన ఎప్పుడూ ఇలాగే లెక్కవేస్తాడు.

నాలుగేళ్ళ కిందట ఇదే కాలంలో కోదాడ నుంచి మా అన్న ఫోన్ చేశాడు. మోకాలి ఆపరేషన్ అయింది, మేడమెట్లు ఎక్కలేకపోతున్నాను, ఉగాది దాకా మీ ఇంట్లో ఉంటాను అన్నాడు. మెట్లు లేకపోవడమే మా ఇంటి గొప్ప అయిందన్నమాట. అయినా సంతోషించాను. నా పెళ్ళయినప్పటి నుంచి మా అన్న మా ఇంట్లో వరసగా రెండు రాత్రులు పడుకున్నది లేదు. వచ్చినప్పుడల్లా చెప్పులు బయటివైపు తిప్పి విప్పేవాడు. ఈసారి నాలుగు రోజులైనా ఉంటాడు, నా చేతి అన్నం తింటాడు, కూర్చుని మాట్లాడతాడు అనుకున్నాను. మర్నాడే కిరాయి కారులో దిగాడు. వెనకాలే వదిన.

వదిన గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళ కోదాడ ఇంటి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు కూలర్ ఉన్న గది తన అక్కచెల్లెళ్ళకిచ్చి, నాకు బియ్యం బస్తాలు పెట్టే గదిలో చాప పరిచింది. అక్కడ ఫ్యాను లేదన్నాను. “మీకు ఫ్యాను అలవాటుండదుగా వదినా” అంది, నవ్వుతూనే. మా అన్న పక్కనే నిలబడి విన్నాడు, ఏమీ అనలేదు. బస్తాల మీద ఏ మిల్లు పేరు అచ్చువేసి ఉందో కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా ఇంట్లో అప్పటి పరిస్థితి ఇది. ముందుగదిలో ఫ్యాను కాడకు, రెక్కల పైన ఉండే గిన్నె మీద గువ్వలు గూడు కట్టి గుడ్లు పెట్టాయి. స్విచ్చు ఎవరూ నొక్కకుండా దాని మీద నేను టేపు అంటించాను. వెనకగదిలో మంచం కింద కుక్క ఈనింది, కొత్తవాళ్ళు గడపలో నిలబడితేనే గుర్రుమంటోంది. వదిన రెండు గదులూ చూసి వచ్చి వరండాలో కూర్చుంది.

“కుక్కకో గది, గువ్వలకో గది. మరి మనుషులకెక్కడ పెట్టారు వదినా?”

“గువ్వలు ముందుగాల వచ్చినయ్. మీరు ఫోన్ చేసేసరికే గుడ్లు పెట్టినయ్. కిటికీలు తీసుంచితే గాలి మంచిగనే వస్తది.”

“ఆపరేషనైన మనిషిని ఈ ఉక్కలో పడుకోబెడతారా? ఆ రోజుది మనసులో పెట్టుకునేగా ఇదంతా.”

“ఏ రోజుది?” అని అడిగాను.

ఏ రోజుదో ఆమెకూ తెలుసు. ఆ సంగతి ఆమె నోటితో ఒక్కసారి చెప్పగా వినాలని ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాను. ఆమె బ్యాగులోంచి విసనకర్ర తీసి, నా వైపు చూడకుండా విసురుకుంది. శనివారం వస్తూ సూర్యాపేటలో టేబుల్ ఫ్యాను కొనుక్కొస్తానని మా ఆయన ఫోన్లో చెప్పాడు. శనివారం ఇంకా దూరంగానే ఉంది. రేపటికి ఫ్యాను తిరగకపోతే ఇద్దరం వెళ్ళిపోతామని వదిన భోజనాల దగ్గర చెప్పేసింది. మా అన్న పప్పు కలుపుకుంటూ పైకి, గూటివైపు చూస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు లేదు. నేను పెరట్లో కుక్కకు గంజి పోస్తున్నాను. అదే అదనుగా వదిన టేపు పీకి స్విచ్చు నొక్కింది. కరెంటు వచ్చాక తిరిగితే ఇక ఎవరినీ అడగక్కర్లేదనుకుందేమో. కాసేపటికి కరెంటు వచ్చింది. లోపల ఏదో విరిగినట్టు చప్పుడైతే పరుగెత్తాను. మా అన్న ఆపరేషనైన కాలి మీదే నిలబడి, చేతికర్ర ఎత్తి ఫ్యాను రెక్కల మధ్య పెట్టి ఉన్నాడు. గువ్వ గోడలకు కొట్టుకుంటూ గది చుట్టూ తిరుగుతోంది. మంచం మీద నాలుగు పుల్లలు రాలాయి. గుడ్లు మాత్రం పడలేదు.

“ముందు అది బంద్ చెయ్” అన్నాడు. వదిన స్విచ్చు ఆపింది. అన్న నెమ్మదిగా మంచం మీద కూర్చున్నాడు. కోదాడ పోయాక అక్కడి మాట పట్టిన మనిషి, ఆ రోజు మాత్రం మా ఇంటి మాటే మాట్లాడాడు. “నువ్వు రేపు పొద్దున బస్సుకు పో. పిల్లలు ఎగిరినంక నేనొస్త.”

“పిట్టల కోసం ఉంటారా?”

“ఆ, ఉంట.”

వదిన నా వైపు చూసింది. నేను నేల మీద పుల్లలు ఏరుతున్నాను. మర్నాడు ఆమె ఒక్కతే ఆటోలో సూర్యాపేట దాకా పోయి, అక్కడ కోదాడ బస్సెక్కింది.

అన్న ఉన్నాడు. గూటి కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గోడ మీద చీమల బారు కనబడితే నన్ను పిలిచి మందు గీత గీయించేవాడు. కుక్క నాలుగో రోజుకే గుర్రుమనడం మాని అతని కాళ్ళ దగ్గర పడుకుంది. దానికి నేనెన్నేళ్ళుగా అన్నం పెడుతున్నానో అది మరిచినట్టే ఉంది. సర్వపిండి చేశాను, గోంగూర వండాను, చేపల పులుసు పెట్టాను. తింటూ “తల్లి గువ్వ ఇంకా రాలే చెల్లె” అనేవాడు. గృహప్రవేశం మాట తనే ఎత్తుతాడేమోనని రోజూ సాయంత్రం టీ ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని. గుడ్లు పిగిలిన సంగతి, పిల్లలకు ఈకలు వచ్చిన సంగతి చెప్పాడు. ఆ సంగతి చెప్పలేదు. వదిన రోజూ ఫోన్ చేసి “ఎగిరాయా?” అని ఒక్క మాట అడిగి పెట్టేసేది.

ఒక పొద్దున ఒక పిల్ల కిటికీ దాకా ఎగిరి, అక్కణ్ణించి వేపచెట్టు మీదికి పోయింది. కాసేపటికి రెండోదీ పోయింది. మధ్యాహ్నానికి మా అన్న స్నానం చేసి బ్యాగు సర్దుకుని వరండాలోకి వచ్చాడు.

“ఎల్లుండే ఉగాది. పచ్చడి తాగి పో అన్నా.”

“ఇగ పనేమున్నది చెల్లె, ఎగిరిపోయినయ్ గద.”

మా అన్న మూడు వారాలు మా ఇంట్లో ఉండి పోయాడని నేను చుట్టాలందరికీ చెబుతుంటాను. ఎందుకున్నాడో చెప్పను, ఎవరూ అడగలేదు కూడా. ఏళ్ళు గడిచేకొద్దీ జనానికి కారణాలు గుర్తుండవు, ఉన్న రోజులే గుర్తుంటాయి. కాలం నా వైపు నిలబడింది ఈ ఒక్క విషయంలోనే.