మల్లేశప్ప పాములు

వల్లూరు సోలార్ పార్కులో పాములు మల్లేశప్పకు మాత్రమే కనిపిస్తాయి. వాటికి ఆయనంటే ఎంత అభిమానమో గానీ, కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ నయనకు ఒక్కటంటే ఒక్కటి తోకైనా చూపించలేదు.

అది నయన చేరిన మొదటి రోజు. ఆడవాళ్లు ప్యానెళ్ల కింద గడ్డి కోస్తున్నారు. గేటు దగ్గర స్టూలు మీదున్న సెక్యూరిటీ మల్లేశప్ప ఉన్నట్టుండి విజిల్ ఊది, "పామూ!" అని కేక పెట్టాడు. అందరూ కొడవళ్లు పారేసి షెడ్డుకు పరుగెత్తారు. అందరికంటే ముందు నయన చేరింది. ఆమె చెప్పు ఒకటి మాత్రం చేరలేదు.

పాము కనిపిస్తే అరగంట దాకా ఎవరూ లోపలికి పోకూడదని కంపెనీ రూలు.

"ఎట్లుండాది తాతా?" అని నయన అడిగింది.

"నల్లగా, నీ జడంత పొడుగుండాదమ్మా."

మర్నాడు వచ్చింది ఎర్రది. ఆ తర్వాత పచ్చది, చారలది, జంట. ఒకదానికైతే మీసాలు కూడా ఉన్నాయట.

"పాముకు మీసాలేంది తాతా?"

"ముసలిదమ్మా. వయసైతే రావా?"

ఒకప్పుడు గొర్రెలు కాసిన మనిషి, ఎన్ని చూశాడో అనుకుని నయన నమ్మేసింది. రోజూ పని ఆగిపోతుంటే మూడో నెలకు గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. మేనేజర్ యోగానంద ఫోన్ చేశాడు.

"నీ సైటులో ప్యానెళ్లకన్నా పాములే ఎక్కువున్నట్లుండాయే! రేపొస్తా. ఆ ముసలాయన అబద్ధాలు చెప్తాండాడని నువ్వు నోటితో చెప్పు, తీసేస్తాం. లేదంటే నీ పర్మనెంటు సంగతి మర్చిపో."

సొంతూరు మంగళవాడలో నయన వాళ్లమ్మ ఇంటింటికీ పోయి కూతురికి ఉద్యోగమొచ్చిందని చెప్పుకుంది. ఇప్పుడు మళ్లీ ఇంటింటికీ పోయి ఊడిందని చెప్పాలా?

మర్నాడు నయన మల్లేశప్ప వెనకే కాపు కాసింది. ఎండ మాడ్చేస్తోంది. చూస్తే ఆయన కళ్లు నేల మీద లేనే లేవు, గడ్డి కోసేవాళ్ల మొహాల మీదున్నాయి. దూరంగా వాళ్లలో ఒకామె, నేత్రావతి, కొడవలి ఆపి, ప్యానెల్ కంబాన్ని పట్టుకుని కళ్లు మూసుకుంది.

విజిల్ మోగింది. "పామూ!"

అందరూ షెడ్డుకు పరుగెత్తుతుంటే, మల్లేశప్ప నీళ్ల సీసా పట్టుకుని ఆ గడ్డిలోకే నడిచాడు. నేత్రావతిని చెయ్యి పట్టుకుని తెచ్చి నీడలో పడుకోబెట్టాడు.

"తాతా, పాము యాడుండాది?"

మల్లేశప్ప తల గోక్కున్నాడు. "లేదులేమ్మా. తల తిరుగుతాదంటే ఇంటికి పొమ్మంటారు, కూలి పాయె. పామొచ్చిందంటే ఎవురి కూలీ పోదు."

ఇన్నాళ్లూ తాను ముందు పరుగెత్తడమే గానీ, వెనక ఎవరు తూలిపోతున్నారో చూడలేదు. నయనకు సిగ్గేసింది.

"మరి ఆ మీసాలు?"

"నువ్వేమో దినామూ ఎట్లుండాదని అడుగుతావు. నాకు రంగులన్నీ అయిపాయె!"

అంతలో జీపు వచ్చి ఆగింది. యోగానంద దిగి, షెడ్డు నిండా ఉన్న జనాన్ని చూసి మండిపడ్డాడు. "మళ్లీ పామా? ఎవురు చూసినారు?"

"సార్, అదీ..." అంటూ మల్లేశప్ప టోపీ తీశాడు.

"నేనే చూసినా సార్," అంది నయన. "రెండుండాయి. ఒకటి మీ జీపు కిందికే పోయింది."

యోగానంద ఒక్క దూకుతో షెడ్డులోని బెంచీ ఎక్కాడు. అరగంటా దిగలేదు.

"ఇట్లాంటి చోట ఎట్ల పని చేస్తాండావమ్మా? నిన్ను పర్మనెంటు చేయకపోతే ఈడికింకెవురొస్తారు?" అన్నాడు పైనుంచే.

నేత్రావతి హాయిగా నిద్రపోతోంది. మల్లేశప్ప నయన పక్కకు జరిగి గుసగుసగా అడిగాడు.

"ఆ రెండూ ఏ రంగువమ్మా? సార్ అడిగితే ఇద్దరం ఒకే మాట చెప్పాల."