ఎడమ చేతి చదరాలు

రఘురామ్ అంబత్తూరు ఫ్యాక్టరీలో రేకులు ఒత్తే ప్రెస్సు మీద పనిచేసినన్నాళ్లూ తన ఇల్లు పగటిపూట ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. పొద్దున్నే పోయేవాడు, దీపాలు పెట్టాక వచ్చేవాడు. చూలై పేటలో, తమిళుల మధ్య, ముత్తాత కాలం నుంచీ ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఇళ్లు మారాయి గానీ పేట మారలేదు. ఇప్పుడున్నది మేడ మీద ఒక పోర్షను. ఒక గది, ఒక వంటిల్లు, కిటికీలోంచి చెయ్యి చాపితే తగిలే పక్కింటి గోడ. కింద స్నేహితుడు కోటి లేతు షెడ్డు. కోటీ అతనూ ఒకే బడిలో చదువుకున్నారు. సాయంత్రం షెడ్డు ముందు స్టూలు వేసుకుని, టీ గ్లాసు చేత పట్టుకుని రఘురామ్ మాట్లాడుతుంటే, మేడ మీద అతని భార్య దమయంతికి ప్రతి ముక్కా వినపడేది. అంత గట్టి గొంతు.

ఒక వేసవి మధ్యాహ్నం ప్రెస్సు కింద రేకు సర్దుతుండగా పైనున్న ఇనుప అచ్చు, డై, దిగింది. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మొదలంటా పోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదట్లో కిందికి దిగేవాడు. అందరూ మంచివాళ్లే, అదే కష్టమైంది. ప్రతివాళ్లూ "ఏదీ, చూపించు" అనేవాళ్లు. చూసి, అయ్యో పాపం అని, తమకు తెలిసిన ఇంకెవరికో ఇంకేదో తెగిన కథ చెప్పేవాళ్లు. ఒకరోజు షెడ్డుకి పని మీద వచ్చిన పరాయి మనిషి కూడా చూపించమన్నాడు. రఘురామ్ చేతికి తువ్వాలు చుట్టుకుని మేడెక్కాడు. ఆ తర్వాత దిగడం తగ్గింది. తగ్గి తగ్గి ఆగిపోయింది. కోటి కింద నుంచి "రేయ్ రఘూ!" అని కేకేస్తే దమయంతి గుమ్మంలోకి వచ్చి, "పడుకోనుండారన్నా" అని చెప్పేది. కొన్నాళ్లకి కోటి పిలవడం మానేశాడు.

దమయంతి దగ్గరలోనే ఒక తెలుగు బడి ఆఫీసులో పనిచేస్తుంది. ఆమె వెళ్లిపోయాక ఆ గదిలో రఘురామ్, ఫ్యాను, కింద లేతు చప్పుడు. ఆ చప్పుడు వింటే కోటి ఇనుము కోస్తున్నాడో ఇత్తడి కోస్తున్నాడో అతనికి తెలిసిపోయేది. చెవులు మూసుకోవాలనిపించేది.

ఎడమచేతికి పని నేర్పించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. స్పంజి బంతి ఇచ్చి పిసకమంది. అతనికి ఒళ్లు మండింది. ఆ కోపంలోనే అలమరలో వెతుకుతుంటే ఒక సంచీ దొరికింది. అందులో క్రోషా సూది, రెండు ఊలు ఉండలు. బడిలో ఎప్పుడో టీచర్లకి అల్లికలు నేర్పిస్తే, దమయంతి కూడా కొని, రెండు రోజులు చూసి మూలన పడేసిన సామాను. రఘురామ్ ఫోనులో వీడియో పెట్టుకున్నాడు, గొంతు తగ్గించి. కుడిచేతిలో మిగిలిన రెండు వేళ్ల మధ్య ఊలు ఇరికించి, బొటనవేలితో అల్లికని ఒత్తిపట్టి, ఎడమచేత్తో సూది తిప్పాడు. వీడియోలో అంతా కుడిచేతివాటం. అతను ప్రతిదీ తిరగేసి చెయ్యాలి. మొదటి చదరం పూర్తయ్యేసరికి వానలు మొదలయ్యాయి. అది చదరంలానూ లేదు, గుండ్రంగానూ లేదు.

దమయంతి చూసి నవ్వలేదు. "బాగుండాదే" అంది.

"ఎవురికీ చెప్పొద్దు."

"చెప్తే ఏమైతాది?"

"కింద వాళ్లకి తెలిస్తే చచ్చిపోతా. వేళ్లు పోయినోడు ఆడోళ్ల పని నేర్చుకున్నాడంటారు. నా మీద ఒట్టు వెయ్యి."

ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

అప్పటి నుంచి అతనికి పిచ్చి పట్టినట్టయింది. మధ్యలో పువ్వున్నది, నక్షత్రమున్నది, బుడిపెలు లేచినది, సుడిలా తిరిగేది. రోజుకో కొత్త నమూనా. వేర్వేరు నమూనాలన్నీ ఒకే దుప్పటిగా కలపొచ్చని ఒక వీడియోలో చూశాడు. అయితే అన్నీ ఒకే కొలతలో ఉండాలి. అక్కడే చిక్కు వచ్చింది. బుడిపెల నమూనా ఉబ్బి పెద్దదయ్యేది. వలలా అల్లేది సాగి జారేది. దగ్గరి కుట్లది ముడుచుకుని చిన్నదయ్యేది. ఇంట్లో ఉన్న అట్టపెట్టెని కోసి కొలత ముక్క చేసుకున్నాడు. పెద్దదైతే చివరి వరస విప్పి సన్నసూదితో మళ్లీ అల్లేవాడు. చిన్నదైతే చుట్టూ ఇంకో సాదా వరస వేసేవాడు. తడిపి, థర్మోకోల్ మీద గుండుసూదులు గుచ్చి, లాగి ఆరబెట్టేవాడు. కొన్నాళ్లు అదే అతని ప్రాణానికి ఊపిరి. ఇంకొన్నాళ్లకి అదే గొంతుకు చుట్టుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడి లేచేవాడు. తలుపు గడియ వేసి, అల్లినవన్నీ దిండు కింద తోసి, గ్యాసు సిలిండరు మనిషి వెళ్లిపోయేదాకా చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. తన ఇంట్లో తానే దొంగలా బతుకుతున్నానని అతనికి తెలుసు. ఆ మాట దమయంతితో అనలేదు.

దమయంతి ఒక చదరాన్ని బడికి తీసుకుపోయింది, నీళ్ల సీసా కింద పెట్టుకోడానికి. అంత అందమైనది దిండు కింద ఎందుకు మగ్గాలనుకుంది. బడి నడిపే కరస్పాండెంటు సత్యభామ గారి కళ్లు దాని మీద పడ్డాయి.

"ఇది నువ్వే అల్లినావా దమయంతీ?"

ఒట్టు గుర్తొచ్చింది. కాదంటే ఎవరని అడుగుతారు. దమయంతి తల దించుకుంది. సత్యభామ గారు అది అణకువ అనుకున్నారు.

"ఇంత పని చేతిలో పెట్టుకోని చెప్పనేలేదే నువ్వు! మన కుముదిని టీచరు రిటైరైతా ఉంది గదా, ఒక దుప్పటి అల్లిచ్చేయ్. బడి తరపున ఇస్తాం."

కుముదిని అదే బడిలో ఎన్నో ఏళ్లుగా కుట్లు, అల్లికలు నేర్పిన టీచరు. ఆమెకి అల్లిన దుప్పటి ఇవ్వడమంటే మాటలు కాదు. దమయంతి ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని సంగతంతా చెప్పింది. తిడతాడనుకుంది. రఘురామ్ చేతిలోని చదరాన్ని తిరగేసి చూశాడు. తర్వాత, "టీచరమ్మకి ఏ రంగులంటే ఇష్టం?" అని అడిగాడు.

దసరా సెలవులు దాటేవరకూ అతను అల్లుతూనే ఉన్నాడు. దమయంతి సౌకార్‌పేటలో ఊలు కొనుక్కొచ్చేది. అన్నీ సమానంగా వచ్చాక నేల మీద పరిచి, ఏ రంగు పక్కన ఏ రంగని ఇద్దరూ వాదులాడుకున్నారు. చాలా కాలానికి ఆ ఇంట్లో అతని గొంతు పెద్దగా లేచింది. లేచిన వెంటనే తానే తగ్గించుకున్నాడు, కింద వినపడుతుందని.

టీచరు వీడ్కోలు సభ రోజు సాయంత్రం దమయంతి భుజాల మీద పొన్నాడ కప్పుకుని ఇంటికి వచ్చింది. జరీ అంచు శాలువా. ఫోనులో వీడియో చూపించింది. దుప్పటి విప్పగానే పిల్లలంతా ఓ అని అరిచారు. కుముదిని టీచరు అంచులు వేళ్లతో తడిమి తడిమి చూసింది. సత్యభామ గారు దమయంతికి పొన్నాడ కప్పి, "ఇంత ఓపిక ఎవురికుంటాది" అన్నారు. చప్పట్లు.

రఘురామ్ అది మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు. దమయంతి పొన్నాడ తీసి అతని భుజాల మీద వేసింది. "ఇది మీది" అంది.

అతను దాన్ని లాగి మంచం మీద పడేశాడు.

"నిజం చెప్పెయ్ వాళ్లకి."

"ఏంది?"

"నేనల్లినానని చెప్పు."

దమయంతి పొన్నాడ తీసి మడతపెట్టసాగింది. "ఇప్పుడా? అంతమంది ముందర శాలువా కప్పించుకోని వచ్చినాక? చెప్పొద్దని ఒట్టు వేయించుకునింది ఎవురు?"

"ఇంతమంది మెచ్చుకుంటారని అప్పుడు తెలీలేదు."

"నాకు మాత్రం తెలుసునా? మీరు ఈ గదిలో ఇరుక్కున్నారు. సెరి, అది మీ ఇష్టం. నన్ను ఆడ ఇరికించినారు. వచ్చే శుక్రవారం నుంచీ వారం వారం ఆడపిల్లలకి నన్నే నేర్పించమన్నారు, కుముదిని టీచరు జాగాలో. నాకు గొలుసు కుట్టు కూడా నేరుగా రాదు! ఏం మొగం పెట్టుకోని పోయేది?"

ఆ వారం ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప మాటల్లేవు. గురువారం సాయంత్రం దమయంతి సూది తీసుకుని అతనికి ఎదురుగా నేల మీద కూర్చుంది. "నేర్పించండి" అంది.

అతనిది ఎడమ, ఆమెది కుడి. ఎదురెదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంది. అతని చెయ్యి ఎటు పోతే ఆమె చెయ్యి అటే పోయేది, తిరగేసుకునే పని లేకుండా. మొండిచేతిని అతను అంత దగ్గరగా, అంతసేపు ఎవరికీ చూపించింది లేదు. ఆమె కళ్లు దాన్నే చూస్తున్నా ఊలు పట్టు కోసమే చూస్తున్నాయి. అయినా దమయంతి అల్లినవి బిగుసుకుపోయేవి. కోపం వేళ్లలోకి దిగినట్టు ప్రతి చదరమూ అట్టముక్క కన్నా చిన్నదయ్యేది.

"వదులుగా పట్టుకో."

"ఎట్లా పట్టుకుంటా వదులుగా? పొద్దున లేస్తే అబద్ధం."

నాలుగైదు శుక్రవారాలు గడిచాయి. అతను ముందురోజు చూపించింది ఆమె మరుసటిరోజు పిల్లలకి చూపించేది. ఒక శుక్రవారం కుముదిని టీచరు పెన్షను కాగితాల పని మీద బడికొచ్చి, పిల్లల్ని చూడ్డానికి తరగతిలోకి వచ్చింది. ఆ రోజు పాఠం సుడి నమూనా. బల్ల మీదున్న దమయంతి చదరాన్ని తీసి వెలుతురులో పట్టుకుంది.

"దమయంతీ, నీ సుడి ఇట్లా తిరగతా ఉండాదే. నా దుప్పట్లో సుళ్లన్నీ దీనికి ఎదురుగా తిరగతాయి. అది ఎడమచేతివాటం పని. నేను ఆ రోజే అనుకున్నా. ఎవురమ్మా అల్లింది?"

గొంతులో కోపం లేదు. ఉంటే దమయంతి ఇంకో అబద్ధం చెప్పేదేమో. పిల్లలందరి ముందూ, సూది చేతిలో ఉండగానే, ఆమె ఏడ్చింది. "మా ఇంటాయన, టీచరమ్మా. ప్రెస్సులో వేళ్లు పోయినాయి. చెప్పొద్దన్నారు" అంది.

కుముదిని ఆమెని దగ్గరికి తీసుకుంది. సత్యభామ గారు మాత్రం తీసుకోలేదు. "సభలో నన్ను ఎర్రిదాన్ని చేసినావే" అని ఒక్క మాట అన్నారు. శుక్రవారం తరగతి ఇంకొకరికి ఇచ్చారు. చాలా రోజులు దమయంతి నమస్కారానికి బదులు కూడా పలకలేదు. ఉద్యోగం మాత్రం నిలిచింది. దమయంతి బాధపడింది గానీ, ఆ రోజు నుంచి అన్నం సయించిందని తర్వాత తానే చెప్పింది.

రఘురామ్‌కి చెప్పినప్పుడు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిజం చెప్పమన్నది తనే. అయినా భయం వేసింది. ఆ తరగతి పిల్లల్లో ఒకతె ఈ సందులోదే. రెండు రోజులు తిరక్కుండా మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. అతను దిండు ఎత్తేలోపే కోటి లోపలికి వచ్చేశాడు, చేతులకి గ్రీసుతో.

"ఏందిరా ఇది, నువ్వా అల్లేది?"

చుట్టూ ఊలు ఉండలు. దాచడానికి ఏమీ మిగల్లేదు. కోటి నవ్వాడు. రఘురామ్ భయపడినట్టే, పొట్ట పట్టుకుని నవ్వాడు. రఘురామ్ చెవులు కాలిపోయాయి. నవ్వి నవ్వి కోటి నేల మీద కూలబడ్డాడు, కిటికీ వంక చూశాడు, గోడ వంక చూశాడు.

"ఇన్ని రోజులు ఈడనే ఉన్నావా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు. "గాలెట్లా ఆడతాదిరా నీకు?"

రఘురామ్ ఊలు ఉండలు పక్కకి జరిపి చోటు చేశాడు. కోటి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఒక చదరాన్ని తీసి చూసి, మసి అంటించి, "అబ్బే, పాడు చేసినానే" అని అక్కడే పెట్టేశాడు.

అందరూ కోటిలా లేరు. సందులో "ఊలు రఘు" అనే పేరు పుట్టింది. అది కిటికీలోంచి వినపడిన రోజు అతను అన్నం తినలేదు. దమయంతి ఊలు కొనడం మానేసింది. "నా వల్ల కాదు. కావాలంటే మీరే పోయి తెచ్చుకోండి" అంది. ఆమె కావాలనే అన్నదని అతనికి తెలుసు, తెలిసీ కోపం వచ్చింది. ఉన్న ఊలు అయిపోయింది. ఖాళీ చేతులతో లేతు చప్పుడు వింటూ వారం గడిపాడు. తర్వాత ఒక ఉదయం చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. కోటి లేతు ఆపి, ఏమీ అడక్కుండా పక్కన నడిచాడు.

రైలు పట్టాల మీది వంతెన దాకా వెళ్లారు. అక్కడ జనం ఎక్కువయ్యారు. ఒక బండివాడు రాసుకుని పోయాడు. రఘురామ్ వంతెన పిట్టగోడ పట్టుకున్నాడు. "పోదాం రా, ఇంటికి" అన్నాడు. వెనక్కి వచ్చేశారు. ఊలు కొనలేదు.

తర్వాతి వారం మళ్లీ వెళ్లారు. ఈసారి సౌకార్‌పేట అంగడి దాకా చేరాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. అంగట్లోని మనిషి తొందరపెడుతుంటే సరిగ్గా చూడకుండానే రెండు ఉండలు కొనేసి, చెమటలో తడిసిపోయి ఇల్లు చేరాడు.

సాయంత్రం దమయంతి సంచీ తీసి చూసింది.

"ఇదేం రంగండీ, బూడిద మాదిరి? దీనికి పక్కన ఏం పెడతారు?"

"పసుపు పచ్చ ఉండాది గదా."

"పసుపు పచ్చ ఎప్పుడో అయిపోయింది."

"సెరి," అన్నాడు రఘురామ్, విసుగ్గా. "మళ్లీ పోవాలంటావు."